ఆకు ఆగినంక దిగాలె

మా అత్తమ్మ పోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను కొత్తవాడలో ఒక నేత ఇంటి అరుగు మీద కూర్చొని జంపఖానాలు పరిపించుకుని చూస్తున్నాను. ఫోన్ చేసింది మా పక్కింటి ఆపా. "బిడ్డా, మీ అత్తమ్మ లేస్తలేదు. నువ్వు జర జల్ది రా" అంది. మధ్యాహ్నం కునుకు తీసి లేవడం లేదేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. "ఏడ పండుకున్నది ఆపా?" అని అడిగాను. "పండుకోలే బిడ్డా. కూసున్నది. మెట్ల కాడ, ఆ గుంజను పట్టుకొని కూసున్నది" అంది.

మనిషి పోయిందన్న సంగతి అప్పటికి ఇంకా బుర్రకెక్కనే లేదు. మా అత్తమ్మ ఆ గుంజను పట్టుకోవడమేమిటి?

మా ఇంటికి వచ్చినవాళ్ళకు ఈ గుంజ సంగతి చెప్పనక్కర్లేదు. రానివాళ్ళ కోసం చెబుతున్నాను. కాజీపేటలో రైలు పట్టాలకు దగ్గరగా ఉంటుంది మా ఇల్లు. కింద హాలు, పైన గదులు, మధ్యలో చెక్క మెట్లు. మెట్ల పక్కన పట్టుకోవడానికి చెక్క కమ్మీ ఉంది. ఆ కమ్మీ మొదలయ్యే చోట, హాలు నేల మీద, లావుపాటి టేకు గుంజ నిలబెట్టి ఉంది. ఎక్కేవాళ్ళు ముందు చెయ్యి వేసేది దాని మీదే. దిగేవాళ్ళు చివరికి ఒరిగేదీ దాని మీదికే. మేము ఆ ఇంట్లోకి వచ్చిననాటి నుంచి మా అత్తమ్మ దాన్ని ముట్టుకోగా నేను చూడలేదు. గోడ పట్టుకొని ఎక్కేది, గోడ పట్టుకొని దిగేది. తలకు రాసుకున్న కొబ్బరినూనె చేతికంటి, ఆ చెయ్యి గోడకంటి, మెట్ల వెంబడి గోడ మీద ఒక నల్లటి చార పడింది. సున్నం వేయిద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు ఎవరైనా ఆ మాటంటే ఊరుకోను.

అసలు తప్పంతా మా ఆయనది. మంచివాడే, కానీ ఒకటి తలకెక్కిందంటే దిగదు. ఎవరో స్నేహితుడి ఇంట్లో నున్నగా మెరిసే చెక్క నేల చూసి వచ్చి, మనకూ అదే కావాలన్నాడు. ఆ చెక్క పలకల్ని కింద సిమెంటుకు మేకులతో కొట్టరు. పలచటి ఫోమ్ షీటు పరిచి, దాని మీద ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతారు, అంతే. నేలంతా కలిసి పెద్ద చాప లాగా కింద దేనికీ అంటకుండా ఉంటుంది. అది పూర్తయ్యాక, అద్దంలా మెరుస్తున్నప్పుడు, మెట్ల గుంజ పెట్టమని వడ్రంగి సలీం భాయ్‌ని పిలిచాడు.

సలీం భాయ్ తల పట్టుకున్నాడు. "ముందుగాల చెప్తే స్లాబ్‌ల పాతేటోన్ని కద సార్. ఇప్పుడు ఈ చెక్కను కోయాలె."

"కోసుడా? దీని మీద గీత పడితే నేను ఊకోను భాయ్" అన్నాడు మా ఆయన.

చేసేది లేక సలీం భాయ్ గుంజ అడుగున జిగురు రాసి, చుట్టూ ఎల్ ఆకారపు చిన్న చిన్న ఇనప మూలకట్లు పెట్టి, పలకకే మరలు బిగించాడు. పాలిష్ మీద జిగురు పట్టదని చెబుతూనే చేశాడు. గుంజ పలకను పట్టుకుంది, పలక మాత్రం దేన్నీ పట్టుకోలేదు. చూడ్డానికి మాత్రం రాజాలా ఉంది.

ఆ రోజు అత్తమ్మ వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి, చెయ్యి తగలనివ్వకుండా చెవి మాత్రం దగ్గర పెట్టింది. లేచి కొంగు సర్దుకొని, "దీనికి కాలు లేదు" అంది. అంతే. ఆ పూట మిర్చి బజ్జీలు వేసి సలీం భాయ్‌కి కూడా పెట్టింది, కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

మా మామయ్యను నేను చూడలేదు, నా పెళ్ళికి ముందే పోయాడు. రైల్వేలో పని. సుత్తె భుజాన వేసుకొని పట్టాల వెంట నడుస్తూ, వదులైనచోట కొట్టి బిగించుకుంటూ పోయే పని. ఆయనతో క్వార్టర్లలో బతికిన బతుకంతా అత్తమ్మ అరికాళ్ళలో ఉండేది. ఇంట్లో చెప్పులు వేసుకునేది కాదు. వంటింట్లో పులుసు కలుపుతూ కలుపుతూ ఆగి, "గూడ్సు పోతాంది" అనేది. కాసేపటికి గానీ మాకు చప్పుడు వినిపించేది కాదు. అది బాగానే ఉండేది. కొన్నిసార్లు మాత్రం అట్లాగే ఆగి, మెట్ల వైపు చూసి, "బండి లేదు. అయినా వణుకుతాంది" అనేది. అప్పుడు ఎంతసేపు విన్నా ఏ చప్పుడూ వచ్చేది కాదు. నేను గబగబా రేడియో పెట్టేదాన్ని.

మట్టల ఆదివారం నాడు చర్చిలో ఇచ్చిన ఈతాకు రెమ్మను అత్తమ్మ మా పాప చేతికిచ్చి, గుంజ నెత్తిన ఉండే గుండ్రటి చెక్క టోపీ కింద గుచ్చమంది. తను ముట్టుకోదుగా. ఆ ఆకు ఎండాక, రైలు పోయినప్పుడల్లా టపటపా వణికేది. అప్పటినుంచి ఇంట్లో ఒక చట్టం వచ్చింది. ఆకు ఊగుతుంటే మెట్లు దిగకూడదు.

"ఆకు ఆగినంక దిగాలె" అనేది. కాజీపేటలో రైళ్ళకేం తక్కువ? మా ఇంట్లో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు మెట్ల మధ్యలో నిలబడి ఉండేవాళ్ళు. మా ఆయన డ్యూటీకి టైమైపోతూ, ఒక కాలికి బూటు వేసుకొని రెండోది చేత్తో పట్టుకొని, "అమ్మా, ఆగిందా?" అని అరిచేవాడు. "ఇంకా ఆగలే, ఉండు" అని కింద నుంచి జవాబు. తొర్రూరు నుంచి మా అన్న వచ్చినప్పుడు ఆయన్నీ అలాగే నిలబెట్టింది. "నీ అత్తగారింట్ల మెట్లకు గూడ సిగ్నలా చెల్లె?" అని ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. మొదట్లో నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పోనుపోను, అమ్మగారింటికి వెళ్ళినా మెట్ల మీద ఒక క్షణం ఆగడం నాకే అలవాటైపోయింది.

గృహ ప్రార్థనకు వచ్చిన పాస్టర్‌గారు ఆ గుంజ మీదే చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టారు. అది కిర్రుమంది. ఆయన ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచారు. కళ్ళు మూసుకొనే ఉన్న అత్తమ్మ, "అయ్యగారూ, దాన్ని ఇడువుండ్రి. అది తననే నిలబెట్టుకోలేకపోతాంది" అంది. ఆ రాత్రి నుంచి ఆమె ప్రార్థనలో ఒక మాట చేరింది. కొడుకు ప్రమోషను, నా నడుం నొప్పి, ఆపా వాళ్ళ అబ్బాయి పరీక్షలు, అన్నీ అయ్యాక చివర్లో, "ప్రభువా, ఆ గుంజకు కాలియ్యి" అనేది. పాప కిసుక్కుమనేది. నేను గిల్లి ఊరుకోబెట్టేదాన్ని, నాకూ నవ్వొస్తున్నా సరే.

ఆ పోరు పడలేక మా ఆయన ఒకసారి సలీం భాయ్‌ని మళ్ళీ పిలిచి, పలక గుండా కింద సిమెంటులోకి పొడుగు బోల్టులు దింపించాడు. కోయకుండా కంతలు చేస్తే చాలన్నాడు. గుంజ రాయిలా బిగిసింది. మేమంతా చప్పట్లు కొట్టాం. అత్తమ్మ మాత్రం దూరంగా నిలబడి చూసి, బియ్యం ఏరుకోవడానికి పోయింది.

వానలు పడ్డాయి. ఒక పొద్దున లేచి చూస్తే గుంజకు అవతల నేల ఉబ్బి ఉంది. దుప్పటి కింద మనిషి ఉంటే ఎట్లా ఉంటుందో అట్లా. కాలు పెడితే దిగేది, తీస్తే మెల్లగా లేచేది. ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించి నేను ఆ పక్కకు పోవడం మానేశాను. అత్తమ్మ దాని చుట్టూ తిరిగి నడిచేది, నిద్రపోతున్నవాళ్ళను లేపకుండా నడిచినట్టు.

"కింద ఎవలన్న ఉన్నరా నానమ్మా?" అని అడిగింది పాప.

"ఏమో బిడ్డా. ఒత్తిగిలుతాండ్రు" అంది.

"అత్తమ్మా, పిల్లతోని ఏం మాటలవి!" అని నేను కసురుకున్నాను. కానీ మర్నాడు ఆ ఉబ్బు నిన్నటి చోట లేదు, కాస్త కిటికీ వైపు జరిగింది. మా ఆయన ఇక ఆగలేదు, చెమ్మకు సాగే చెక్కను బోల్టులు కదలనివ్వడం లేదని వాటిని పీకించి కంతలు మైనంతో పూడిపించాడు. నేల రెండు మూడు రోజుల్లో పడుకుంది. గుంజ మళ్ళీ వదులైంది. ఆకు మళ్ళీ ఊగసాగింది. మేము మళ్ళీ మెట్ల మీద ఆగసాగాం.

ఒకనాడు ఆమె గోడ పట్టుకొని కష్టపడి దిగుతుంటే చూడలేక, "ఒక్కసారి దాన్ని పట్టుకో అత్తమ్మా. అదేం కరవదు" అన్నాను.

ఆమె ఆగి నా మొహం చూసింది. నవ్వలేదు. "దాన్ని పట్టుకున్న దినం నేను మళ్ళ ఇడువ బిడ్డా" అంది.

ఆ మాట ఆ రోజు నాకు చెవికెక్కలేదు. తర్వాత కొన్నాళ్ళకు, "మెట్ల కాడ ఎయ్యడానికి చిన్న జంపఖానా ఒకటి తే. కాలు జారకుంట ఉంటది" అని అడిగింది. చెక్క నేల చల్లగా ఉంటుంది కాబట్టి పాదాలకు కావాలేమో అనుకున్నాను. ఆ జంపఖానా కోసమే నేను పనిచేసే స్కూలు నుంచి అటే కొత్తవాడ వెళ్ళాను.

ఆటోలో ఎట్లా వచ్చిపడ్డానో తెలియదు. ఆపా గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి చూసిందట. అత్తమ్మ చివరి మెట్టు మీద కూర్చొని ఉంది. రెండు చేతులూ గుంజ చుట్టూ వేసి, చెంప చెక్కకు ఆనించి, కళ్ళు మూసుకొని ఉంది. పాదాలు రెండూ నేల మీద గట్టిగా ఆనించి ఉన్నాయి. చేతులు విడిపించడం ఆపా వల్ల కాలేదు, డాక్టరు వల్ల కాలేదు. చివరకు మా ఆయన వచ్చి, "అమ్మా, నేనొచ్చిన. ఇడువమ్మా" అంటూ ఒక్కొక్క వేలే తీశాడు. అప్పుడే బయట ఏదో బండి పోతోంది. కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. ఆమె నెత్తి మీద ఆ ఈతాకు మాత్రం కదలలేదు. ఆఖరి వేలు ఊడి వచ్చాక అది ఊగడం మొదలుపెట్టింది. ఆపా కూడా చూసింది. మేమిద్దరం దాని గురించి ఇంతవరకూ మాట్లాడుకోలేదు.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. మా ఆయన మాత్రం వినలేదు. మెట్లు దిగుతూ జారి ఉంటుందని, ఎన్నడూ పట్టుకోనిది ఆ క్షణాన దిక్కులేక పట్టుకొని ఉంటుందని, అది ఆగక ఊగిందని, ఆ దడకే గుండె ఆగిందని ఆయన లెక్క. "నేలకు గీత పడొద్దన్న. నా తల్లినే సంపుకున్న" అనేవాడు. సమాధుల తోటలో మట్టి వేస్తూ అదే మాట, ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చొని అదే మాట. తినేవాడు కాదు. పైకి వెళ్ళడం మానేసి హాల్లో సోఫా మీద, గుంజకు వీపు తిప్పి పడుకునేవాడు. ఈ మనిషి కూడా నా చేతికి దక్కడేమో అని నాకు భయం పట్టుకుంది. జారిందా లేదా అన్నది చెప్పేవాళ్ళెవరు? పోయిన మనిషి చెప్పదు. చూసినవాళ్ళు లేరు.

నలభై రోజుల జ్ఞాపక కూడికకు చుట్టాలందరూ వస్తారు. అంతమంది ఎక్కి దిగే ఇల్లు. మా ఆయన సలీం భాయ్‌కి ఫోన్ చేసి, "దాన్ని పీకనన్న పీకు, లేకపోతే కాలన్న పెట్టు. నేలను ఎట్ల కోస్తవో కొయ్యి" అన్నాడు.

సలీం భాయ్ వచ్చి మొదట గుంజ ముందు నిలబడి, తల వంచి ఏదో దువా చదువుకున్నాడు. తరువాత గుంజను తీసి పక్కన పడుకోబెట్టి, అది నిలబడ్డ చోట నేలను కోశాడు. గుంజ మందం కంటే చుట్టూ వేలెడు ఎక్కువగానే కోశాడు. నున్నటి చెక్క మీద రంపం పడుతుంటే మా ఆయన కళ్ళు తిప్పుకోలేదు. పలక ముక్క ఎత్తి, కింద ఫోమ్ షీటు చూసి సలీం భాయ్ ఆగిపోయాడు. వేలితో తడిమాడు. పక్క పలకను కూడా కాస్త పైకెత్తి, కిందికి తొంగి చూశాడు.

"భాబీ, ఈడ రోజు ఎవలు నిలబడ్తరు?"

"ఎవరూ నిలబడరే. దాని దగ్గరికి ఎవర్నీ పోనిచ్చేది కాదుగా ఆమె" అన్నాను.

"కాదు భాబీ. చూడుండ్రి. అంత మంచిగనే ఉన్నది. ఈ ఒక్క జాగల చపాతి లెక్క అయింది. ఎవలో చానా దినాలు గుంజకు ఆనుకొని, బలం పెట్టి నిలబడ్డరు."

నేను వంగి చూశాను. నిజమే. గుంజకు మెట్లు లేని వైపు, మనిషి దాన్ని రెండు చేతులా కావలించుకుంటే పాదాలు ఎక్కడ ఉంటాయో సరిగ్గా అక్కడ, షీటు నలిగి అట్ట కట్టుకుపోయి ఉంది. మేము ముగ్గురం ఆ చోటునే చూస్తూ ఉండిపోయాం. మిట్ట మధ్యాహ్నం నాకు వెన్నులో చలి పుట్టింది.

"నానమ్మ" అంది వెనక నుంచి పాప.

చివరి మెట్టు మీద నిలబడి ఉంది. మా అమ్మాయి ఆ రోజుల్లో మాటలే తగ్గించేసింది. నానమ్మ మీద బెంగ అనుకున్నాం గానీ, దాన్ని కూర్చోబెట్టి ఏమీ అడగలేదు. పెద్దవాళ్ళ ఏడుపులో పిల్లల్ని ఎవరడుగుతారు?

"నానమ్మ ఎందుకు నిలబడ్డది బిడ్డా?" అన్నాడు మా ఆయన.

"నేను గుంజను పట్టుకొని గిర్రున తిరిగి దిగుతా కద డాడీ. స్కూల్ నుంచి వచ్చినంక, డ్రెస్ మార్చుకొని ఆడుకోను పోయేటప్పుడు. అది ఊగుతదని నానమ్మ పట్టుకుంటది. గట్టిగ పట్టుకొని, 'ఇప్పుడు దిగు బిడ్డా' అంటది. అప్పుడు ఆకు ఊగది."

"రోజూనా?"

"రోజు. మీకు చెప్తే తిరుగుడు బంద్ చేపిస్తరని చెప్పొద్దన్నది."

దేవుడా! ఆ గుంజను చూస్తేనే భయపడే మనిషి, ఎవర్నీ దాని నీడన నిలవనివ్వని మనిషి, పిల్ల సరదా కోసం రోజూ సాయంత్రం దానికి తానే కాలై నిలబడింది. జంపఖానా అడిగింది అందుకు. పట్టుకున్నప్పుడు తన పాదాలు జారకుండా ఉండడానికి.

మా ఆయన పాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఆ రోజు నానమ్మ జారి పడ్డదా నాన్నా?"

పాప తల అడ్డంగా ఊపింది. "పడలే. నేను తిరిగి దిగిన. దిగినంక నానమ్మ ఈడ కూసున్నది. లెవ్వు నానమ్మా అంటే, 'నువ్వు పోయి ఆడుకో బిడ్డా. నేను పట్టుకునే ఉంట' అన్నది. నేను పోయిన." అది వాళ్ళ డాడీ చొక్కా పట్టుకుంది. "నేను వాపస్ వచ్చేదాక పట్టుకునే ఉన్నది కద డాడీ?"

"పట్టుకునే ఉన్నది బిడ్డా, పట్టుకునే ఉన్నది" అంటూ మా ఆయన పిల్లను గుండెకు అదుముకొని బావురుమన్నాడు. అమ్మ పోయాక ఆయన అట్లా ఏడవడం అదే మొదలు. సలీం భాయ్ రంపం కింద పెట్టి గుమ్మం బయటికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ సాయంత్రం మా ఆయన అడిగి అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాడు గుంజకు కాలు వచ్చింది. సలీం భాయ్ సిమెంటు స్లాబులోకి లోతుగా కంత తవ్వి, దుమ్మంతా ఊది, ఇనప కడ్డీని జిగురు మందు పోసి పాతాడు. అది గట్టిపడ్డాక గుంజ అడుగున తొలిచి, కడ్డీ మీదికి దింపి బిగించాడు. నేల చెక్క ఎక్కడా గుంజకు తగలలేదు. చుట్టూ వేలెడు సందు వదిలి, అది కనబడకుండా పైన టేకు పట్టీ కట్టాడు. ఆ పట్టీని గుంజకే కొట్టాడు, నేలకు కొట్టలేదు. "వానకు చెక్క ఉబ్బితె ఉబ్బనీ. దాని జాగ దానికున్నది. ఇగ గుంజ జోలికి రాదు" అన్నాడు. "పట్టాలకు సందు ఇచ్చినట్టు" అన్నాడు మా ఆయన. తరువాత తన బరువంతా వేసి గుంజ మీద ఒరిగాడు. అది కిమ్మనలేదు. నేను వంటింట్లోకి పోయి, ప్రార్థన విన్నందుకు ప్రభువుకు దండం పెట్టుకొని, కొంచెం ఆలస్యం చేశావని కూడా చెప్పాను.

కూడికకు వచ్చినవాళ్ళంతా ఆ గుంజను పట్టుకొని ఎక్కారు, పట్టుకొని దిగారు. పాస్టర్‌గారు కూడా రెండు కళ్ళూ మూసుకొనే ప్రార్థన చేశారు. మళ్ళీ కొత్తవాడ వెళ్ళి తెచ్చిన ఎర్ర చారల జంపఖానాను గుంజ పక్కన, ఆమె నిలబడ్డ చోట పరిచాను. ఆకును తీయలేదు, పాప ఒప్పుకోలేదు. ఆమె ఎట్లాంటి అత్త అని ఎవరైనా అడిగితే నాకు పెద్ద మాటలు రావు. నా కూరలో ఉప్పుకు వంకలు పెట్టేది. నా నడుం నొప్పికి ప్రార్థన చేసేది. నేను ఇంట్లో లేని వేళల్లో నా బిడ్డ పడకుండా పట్టుకొని నిలబడేది. అది నాకు ఆమె పోయాక తెలిసింది. ఉన్నప్పుడు తెలిసి ఉంటే ఒక్కసారైనా ఆ పాదాలు ఒత్తేదాన్ని.

ఈ మధ్య సాయంత్రాలు నేను తొందరగా ఇంటికి వస్తున్నాను. నిన్న వంటింట్లో టీ పెడుతున్నాను. పాప డ్రెస్సు మార్చుకొని దడదడా దిగి వచ్చి, చివరి మెట్టు మీద ఆగింది. బయట గూడ్సు పోతోంది. గుంజ బిగిసినా ఇల్లు ఇల్లంతా అదురుతుంది కదా, ఆకు టపటపా ఊగుతోంది. పాప గుంజను ముట్టుకోకుండా, జంపఖానా వైపు చూస్తూ నిలబడింది. నేనూ గరిటె పట్టుకొని చూస్తున్నాను.

ఆకు ఆగింది. గూడ్సు ఇంకా పోతూనే ఉంది, అద్దాలు ఇంకా గలగలమంటూనే ఉన్నాయి.

"దిగుతాన నానమ్మా" అని, పాప గుంజ చుట్టూ చెయ్యి వేసి గిర్రున తిరిగి దిగి, బయటికి పరుగెత్తింది. అది గేటు దాటి ఆపా వాళ్ళ వాకిట్లోకి చేరేదాకా ఆకు కదలలేదు. ఆ తరువాత మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది.